పడటం చేతకాని లోయ

మా లోమ్ ఊళ్లో స్కీ మీద నుంచి పడటం నేరం కాదు. నేరమే అయితే నయం, శిక్ష అనుభవించి బయటపడొచ్చు. మా దగ్గర పడినవాడి మెడలో ఆవు గంట కడతారు. పాత ఇత్తడి గంట, సత్రం తలుపు పక్కన మేకుకు వేలాడుతుంటుంది. కొండ మీదికి మోసుకెళ్లే లిఫ్టు కుర్చీల్లోంచి నలుగురూ చూస్తుండగా ఊరివాడెవడైనా పడ్డాడంటే, ఇంకొకడు పడేదాకా, లేదా వారం తిరిగేదాకా ఆ గంట వాడిదే. గంటతోనే సూపు తాగాలి, గంటతోనే ఇంటికి పోవాలి. బయటి ఊళ్లవాళ్లకు ఈ నియమం లేదు. వాళ్లు పడటానికే వస్తారని మా నమ్మకం.

నేను మా ఊరి స్కీ కొండ మీద ముప్పై ఎనిమిదేళ్లు రక్షణ దళంలో పనిచేశాను. దెబ్బలు తగిలినవాళ్లను మంచు బండిలో పడుకోబెట్టి కిందికి దించటం నా పని. అన్నేళ్లలో ఆ గంట నా మెడ ఎరగదు. ఈ మాట నేను చెప్పుకోనక్కర్లేదు, ఊరే చెప్పేది. అయినా రోజుకు ఒకసారి నేనే చెప్పుకునేవాణ్ణి.

అలాంటి ఊరికి ఎతెల్కా వచ్చింది. మూరా నది అవతల నుంచి, కొంగలు కరెంటు స్తంభాల మీద గూళ్లు కట్టుకునే చదును నేల నుంచి. అక్కడ గడ్డివామే పెద్ద కొండ. లోయ దిగువన ఉన్న ఫ్యాక్టరీలో బైండింగులు తయారుచేసే ఇంజనీరుగా చేరింది. బైండింగ్ అంటే బూటును స్కీ పలకకు పట్టి ఉంచే బిగింపు. వేళ్ల దగ్గర ఒక ముక్క, మడమ దగ్గర ఒక ముక్క. మామూలుగా జారుతున్నప్పుడు బూటును వదలకూడదు, చెడ్డగా పడ్డప్పుడు వదిలి తీరాలి. మంచు ముఖం సరిగ్గా చూడని పిల్ల మా కాళ్లకు బిగింపులు చేస్తుందట! ఊరంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్విందెవరో చెప్పక్కర్లేదు.

మొదటిసారి మా దళం గుడిసెకు వచ్చినప్పుడు ఒక చేతిలో గుమ్మడిగింజల నూనె సీసా, ఇంకో చేతిలో ఎర్ర మైనపు సుద్ద ముక్క.

"లొవ్రో మావయ్యా, ఒక్క సాయం చేసిపెట్టాలి. మోకాలు పోయినవాళ్లని బండెక్కించే ముందు, ఏ కాలి స్కీ ఊడకుండా ఉందో చూసి దాని మీద ఓ ఎర్ర గీత గీయండి."

"అక్కడ మనిషి గావుకేకలు పెడుతుంటే నేను కూచుని ముగ్గులేయాలా?"

"ముగ్గొద్దండీ, ఒక్క గీత చాలు."

"అసలు నీకు స్కీ వచ్చా అమ్మాయ్?"

"రాదండీ. పడటం మాత్రం బాగా వచ్చు."

నిజమే చెప్పింది. ఆ ఆదివారం కొండ పైనుంచి కిందికి వచ్చేలోగా పదకొండుసార్లు పడింది. చేతులు ముందుకు చాచి, కాళ్లు దగ్గరకు చేర్చుకుని, పిండి బస్తా దింపినట్టు మెత్తగా పడేది. మంచు దులుపుకుని లేచేది. స్కీ బడి మాస్టరు ఓజ్బేయ్ లిఫ్టు కుర్చీలోంచి అరిచాడు, "కొండకి సాష్టాంగ నమస్కారాలు పెడుతోందిరోయ్! మొక్కు తీరిందా తల్లీ?" ఎతెల్కా చెయ్యి ఊపి, "ఇంకో నాలుగున్నాయి మాస్టారూ!" అంది. నూనె సీసా తీసుకున్నాను. సుద్ద ముక్క జేబులో పడేసి మరిచిపోయాను.

ఆ జనవరిలో నా కూతురు తింకారా పడింది.

తను కూడా ఓజ్బేయ్ బళ్లోనే పిల్లలకు స్కీ నేర్పేది. సాయంత్రం ఆఖరి పాఠం అయిపోయింది. లిఫ్టు దగ్గర దాదాపు ఆగిపోయిన మనిషి, వెనక్కి ఒరిగింది, లేవబోయింది, అంతే. నేను వెళ్లేసరికి మంచులో కూర్చుని పెదవి కొరుక్కుంటోంది.

"నాన్నా, నేను సరిగ్గా పడను కూడా పడలేదు. లేచిపోయాననే అనుకున్నా. లోపల ఫట్‌మంది."

ఈ మాట నాకు కొత్త కాదు. మోకాలు పోయిన ప్రతివాడూ ఇదే పాట పాడేవాడు. మెల్లగానే పోతున్నాను, పెద్దగా పడలేదు, లేవబోయాను. ముప్పై ఎనిమిదేళ్లు విని, సిగ్గుపడి కప్పిపుచ్చుకుంటున్నారు పాపం అనుకున్నాను. నా కూతురు నాతో అబద్ధమాడదు. ఎడమ కాలి వైపు చూశాను. స్కీ కాలికే ఉంది, తోక మంచులోకి దిగబడి ఉంది. జేబులో సుద్ద తగిలింది. స్కీ మీద గీశాను, గీత వంకరగా వచ్చింది.

బండి లాగుతుండగా వెనక నుంచి తింకారా అంది, "అలాగే కూలబడిపోతే పోయేది నాన్నా. లిఫ్టు నిండా జనం ఉన్నారు. లొవ్రో కూతురి మెడలో గంటేంటని..."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. కిందికి చేరేదాకా నా చేతుల్లోని బండి పిడి తప్ప నాకేమీ కనపడలేదు.

ఆ చలికాలం మిగతా రోజుల్లో ఇంకో పదహారు మోకాళ్లు దించాను. పద్నాలుగింటికి ఎర్ర గీత గీశాను. వసంతంలో తింకారాకు ఆపరేషన్ జరిగింది. తెగిన లిగమెంట్ స్థానంలో వేరేది కట్టిన డాక్టరు, "ఇదే కాలు మళ్లీ పోతే ఇక బాగుచేయటం కష్టం" అన్నాడు. నా కూతురు నడవటం నేర్చుకుంది. మంచు వైపు మాత్రం చూడలేదు. లూబ్లియానాలో ఏదో హోటల్ కౌంటర్లో ఉద్యోగం ఉందని, వచ్చే ఏడు వసంతంలో చేరతానని వాళ్లకి ఉత్తరం రాసింది. అయిదో ఏట స్కీ ఎక్కిన పిల్ల! ఆపలేకపోయాను. ఏ నోటితో ఆపను?

గీతల లెక్క చెప్పడానికి ఎతెల్కా పనిశాలకు వెళ్లాను. ఫ్యాక్టరీ వెనక చిన్న రేకుల షెడ్డు అది. బల్లకు బిగించి బూటు తొడిగిన కొయ్య కాలు ఒకటి ఉంది, మోకాలి దగ్గర స్ప్రింగులతో. దాన్ని మెలిపెట్టినప్పుడల్లా ఎతెల్కా "క్షమించు స్తెఫాన్" అంటోంది, ఆ కాలికి తను పెట్టుకున్న పేరు. మెలిపెడుతోంది, క్షమాపణ అడుగుతోంది, కాగితం మీద రాసుకుంటోంది.

"పదిహేడు మోకాళ్లకి పదిహేను గీతలు, తింకారాదీ కలిపి" అన్నాను.

కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. "ఇదిగో చూడండి మావయ్యా. వెనక్కి ఒరుగుతాం. పిర్రలు మోకాళ్ల కన్నా కిందికి పోతాయి. బరువంతా ఒక్క స్కీ తోక మీద, అందులోనూ లోపలి అంచు మీద పడుతుంది. ఇక ఆ తోక నాగటి కర్రులా మంచు కోసుకుంటూ తిరుగుతుంది. పిక్క దాంతో తిరుగుతుంది, తొడ తిరగదు. మధ్యలో ఎవరున్నారు?"

"మోకాలు."

"మన పాత బైండింగు మడమ దగ్గర పైకే తెరుచుకుంటుంది. పక్కకి తెరుచుకునేది ముందు ముక్కొకటే. పక్కకి తోసే ఈ తోపేమో సరిగ్గా మడమ కిందే వస్తుంది. ముందు ముక్కకి సంగతే తెలీదు. వీధి గుమ్మానికి కాపలా పెట్టాం, దొంగ పెరట్లోంచి వస్తున్నాడు."

నా కుర్రతనంలో నేను దించినవన్నీ విరిగిన పిక్క ఎముకలే. బైండింగులు బాగుపడ్డాక అవి తగ్గిపోయాయి. మోకాళ్లెందుకు తగ్గలేదని మాలో ఒక్కడికీ అడగాలని తోచలేదు. పడటం తప్ప ఏమీ రాని ఈ పిల్లకు తోచింది.

"పెరటి తలుపు కూడా తెరిచేస్తే సరి" అన్నాను తేలిగ్గా.

"ఓజ్బేయ్ మాస్టారు ఏమన్నారో తెలుసా? మలుపు మధ్యలో నీ తలుపు తెరుచుకుంటే చెట్టుకి గుద్దుకుని చస్తాం, మోకాలు భద్రంగా మిగుల్తుంది అన్నారు. ఆయన చెప్పింది కరెక్టే. గట్టి మంచు మీద కుదుపుకి అది కదలాలి, కదిలి మళ్లీ తన చోటికి రావాలి. ఆగకుండా తోసే తోపుకి మాత్రమే తెరుచుకోవాలి. కుదుపేదో తోపేదో ఒక స్ప్రింగుకి నేర్పాలి. అదే కుదిరి చావట్లేదు."

ఆ వేసవంతా నేర్పింది. మూల పెట్టెలో విఫలమైన మడమ ముక్కలు ముప్పై ఒకటి ఉండేవి. ప్రతిదానికీ దారంతో చీటీ, ఎందుకు ఓడిపోయిందో రాసి. ఒకటి మరీ ముందుగా తెరుచుకుంది, ఒకటి చలికి బిగుసుకుంది, ఒకదాన్ని రోడ్డు మీది ఇసుక పట్టేసింది. నేనైతే మూడోదానికే సుత్తి తీసుకునేవాణ్ణి. ముప్పై రెండోది స్తెఫాన్‌ను వదలాల్సినప్పుడు వదిలింది, పట్టాల్సినప్పుడు పట్టింది.

మంచు పడగానే దాన్ని తన కాళ్లకే కట్టుకుంది. లిఫ్టు తెరవక ముందే పొద్దున్నే వచ్చి, మెత్తటి వాలు మీద, మెల్లగా, కావాలని వెనక్కి పడేది. గుడిసె కిటికీలోంచి చూస్తూ మొదటి రోజు నవ్వాను. నాలుగో రోజుకి నవ్వు రాలేదు. నేను చూస్తుండగానే నలభైసార్లు తన మోకాళ్లను పణంగా పెట్టింది. చెప్పుకోవటానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, తుఫానుల్లో మనుషుల్ని దించినప్పుడు కూడా నాకు అంత ధైర్యం అవసరం పడలేదు.

ఫ్యాక్టరీ డైరెక్టరు పిర్నాట్ మాత్రం కరగలేదు.

"నువ్వు పడితే అదొక పడటమా అమ్మా? నువ్వు నిలబడటం రాక పడతావ్. నిలబడటం వచ్చినోళ్లు పడాలి. పదిమంది, పేరూ సంతకంతో సహా. పుస్త్ పండగలోగా తెచ్చావా, నీ కొత్త మడమకి అచ్చులు పోయిస్తా. లేదంటే పాత మడమతోనే వచ్చే ఏడు కూడా కానిచ్చేద్దాం."

ఓజ్బేయ్, మరో ముగ్గురు మాస్టర్లు ఒప్పుకున్నారు. ఒప్పుకోవటం తేలికే. వాలు మీదికి వెళ్లాక తెలిసింది అసలు కష్టం: మావాళ్లకు పడటం రాదు. వెనక్కి ఒరుగుతారు, ఒళ్లు తనంతట తనే సర్దుకుంటుంది, నిలబడతారు. ఓజ్బేయ్ పదిసార్లు ప్రయత్నించి, చివరికి రెండు చేతులూ ఆనించి పీట మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఏంటది మాస్టారూ?" అంది ఎతెల్కా.

"పడ్డాగా!"

"పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టుంది. పడేటప్పుడు పడిపోవాలండీ, కొండతో పంచాయితీ పెట్టకూడదు."

"పైన లిఫ్టులోంచి మా బావమరిది చూస్తున్నాడు తల్లీ, నావల్ల కాదు" అన్నాడు ఓజ్బేయ్, చెమట తుడుచుకుంటూ. యాభై ఏళ్ల మనిషి మొహం చూస్తే ఏడుపొచ్చేట్టుంది.

పండగ ఇంకో వారం ఉంది. కాగితం మీద ఒక్క పేరూ లేదు. ఇంట్లో ఆ సంగతి చెప్పి, "ఈ ఊళ్లో సిగ్గుపడకుండా పడేవాడు పుట్టలేదు" అన్నాను. బంగాళాదుంపలు చెక్కుతున్న తింకారా తల ఎత్తలేదు.

"పుట్టక్కర్లేదు నాన్నా. మొహం కనపడకపోతే చాలు. పుస్త్ నాడు మనవాళ్లు పడినట్టు ఇంకెవరూ పడరు."

ఇంత తేలికైన సంగతి మాకెవరికీ తట్టలేదు. చలికాలాన్ని సాగనంపే ఆ పుస్త్ నాడు మా ఊరంతా ముసుగులేసుకుని, వేషాలు కట్టి కొండ దిగుతుంది. ముసుగు వెనక ఎవరని అడగకూడదు, అది మా ఆచారం. ముసుగు మనిషి పడితే గంట వర్తించదు. అందుకే ఏడాది పాటు దాచుకున్న పడటాలన్నీ ఆ ఒక్క మధ్యాహ్నం పడేస్తారు.

పండగ పొద్దున ఎతెల్కా సత్రం పెరట్లో బల్ల వేసుకుని కూర్చుంది. ఒక్కొక్కరి వయసు, ఎత్తు, బరువు, బూటు పొడవు అడిగి, తన కొత్త మడమలు బిగించి సరిచేస్తోంది. ఎలుగుబంటి వేషంలో ఉన్న ఒకడు "డెబ్బై ఎనిమిది కిలోలు" అన్నాడు. ఎతెల్కా నవ్వి బంగాళాదుంపల కాటా చూపించింది. ఎలుగుబంటి గొణుగుతూ ఎక్కింది. తొంభై ఒకటి.

నేను ముసలమ్మ వేషం కట్టాను. వీపు మీద పెద్ద బుట్ట, బుట్టలో గడ్డితో చేసిన ముసలాడు. మొగుణ్ణి మోసుకొచ్చే ముసలమ్మ మా దగ్గర పాత వేషమే. నేను పడటానికి వెళ్లలేదు, అది మాత్రం స్పష్టంగా చెబుతున్నాను. ఎవరికైనా దెబ్బ తగిలితే దగ్గర ఉండాలని వెళ్లాను. ఎతెల్కా మాత్రం నా స్కీలకు కూడా తన మడమలే బిగించింది. "కూడా ఉంటే బరువేం కాదు మావయ్యా" అంది మెల్లగా. ముసుగులో ఉన్నా పోల్చేసింది.

మావాళ్లు పడ్డారు. అబ్బో, ఏం పడ్డారు! పెళ్లికూతురు వెల్లకిలా పడింది, దెయ్యం తోక మీద పడ్డాడు, ఎలుగుబంటి దొర్లుకుంటూ వచ్చి కంచెకు తగిలింది. టక్ టక్ మని మడమలు పక్కకు తెరుచుకుంటున్నాయి. నేను సత్రం కంచె దగ్గర దాదాపు ఆగిపోయి, ఎలుగుబంటికి ఏమైందోనని భుజం మీదుగా వెనక్కి చూశాను.

బుట్ట వెనక్కి లాగింది. పిర్రలు కిందికి పోయాయి. ఎడమ స్కీ తోక మంచును కరవటం అరికాలికి తెలిసింది. ముప్పై ఎనిమిదేళ్లు బయటి నుంచి చూసినదాన్ని ఆ క్షణంలో లోపలి నుంచి చూశాను. పిక్క ఒకవైపు తిరుగుతోంది. పడిపో అని తెలుసు. అందరికీ చెప్పినవాణ్ణే. అయినా నా ఒళ్లు నా మాట వినలేదు, లేవబోయింది. కంచె కోసం చెయ్యి చాచాను. మోకాలి లోపల ఏదో తాడులా సాగింది.

టక్.

కాలి కింద నుంచి స్కీ పక్కకు పోయింది. గడ్డి ముసలాడితో సహా వెల్లకిలా పడ్డాను. ముసుగు కన్నాల్లోంచి ఆకాశం కనిపించింది. కాలు మడిచాను, చాచాను. నొప్పి లేదు. నా కూతురి కాలికి ఆ రోజు ఇదే ఉండి ఉంటే అనుకున్నాను, ముసుగు లోపల కళ్లు తడిశాయి.

పిర్నాట్ సత్రం గుమ్మంలో నిలబడి పండగ బూరె తింటున్నాడు, మీసాలకు పంచదార పొడి. ఎతెల్కా ఇచ్చిన కాగితం చదివి పెదవి విరిచాడు.

"ఎలుగుబంటి, దెయ్యం, పెళ్లికూతురు, డాక్టర్లు ఇద్దరు... ఏంటమ్మా ఇది? ఎలుగుబంటి మోకాలికి నేను పూచీ పడాలా? పేర్లేవి? పైగా అందరూ ఆటకి పడ్డారు. నిలబడాలని చూసి, నిలబడలేక పడినోడు ఒక్కడున్నాడా? ఉంటే చెప్పమను."

ముసుగులన్నీ నేల చూశాయి. ముసుగు వెనక ఎవరని అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. ఎతెల్కా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకుంది. విఫలమైన ముక్కకు చీటీ కట్టేటప్పుడు ఆ పిల్ల మొహం సరిగ్గా అలాగే ఉంటుంది.

నేను ముసుగు తీసేశాను.

"రాసుకో. లొవ్రో స్మోలెయ్, అరవై ఒకటో ఏడు. నిలబడాలనే చూశాను. నాకు చేతనైనదంతా చేసి చూశాను. నావల్ల కాలేదు, పడ్డాను. ఎడమ కాలు, స్కీ తోక లోపలి అంచు. ఈ పిల్ల మడమే లేకపోతే ఈపాటికి నా బండిలో నేనే పడుకుని ఉందును."

ఎలుగుబంటి తల ఊడదీసుకుంది. లోపల ఓజ్బేయ్, మొహమంతా ఎర్రగా.

"నా పేరు కూడా వేసుకోండి. బరువు మాత్రం తొంభై ఒకటి కాదు, ఆ కాటా తప్పు."

ఊరు నవ్వింది. పెళ్లికూతురు మేలిముసుగు ఎత్తింది, దెయ్యం కొమ్ములు తీసింది. పదిమందీ సంతకాలు పెట్టారు. పిర్నాట్ మీసం తుడుచుకుని, "సరే, అచ్చులు పోయిద్దాం" అన్నాడు. ఎతెల్కా నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది.

గంట తెమ్మని ఎవరూ అనలేదు. వేషంలో పడ్డది లెక్కలోకి రాదన్నారు. నేనే వెళ్లి మేకు మీది నుంచి తీసి మెడలో కట్టుకున్నాను. వీధి పొడవునా మోగించుకుంటూ ఇంటికి వెళ్లాను.

చప్పుడు విని తింకారా వాకిట్లోకి వచ్చింది. "ఎవరు పడ్డారు?" అంటూనే గంట చూసింది. తరవాత నా మోకాళ్లు చూసింది.

"కూర్చో" అంది, బళ్లో పిల్లలతో అన్నట్టు. "ఊఁ. ఇప్పుడు లే. మళ్లీ."

గుమ్మం ముందు గుంజీలు తీసినట్టు కూర్చుని లేచాను, కూర్చుని లేచాను. లేచిన ప్రతిసారీ గంట మోగింది. మూడోసారికి నా కూతురు తలుపు చట్రానికి ఆనుకుని ఏడ్చేసింది. ఆపరేషన్ అయ్యాక అది ఏడవటం నేను చూడటం అదే మొదలు.

తరవాత గంట నా మెడలోంచి తీసి తన మెడలో వేసుకుంది.

"కిందటేడు పడ్డదానికి నాది బాకీ ఉంది కదా నాన్నా" అంది. కళ్లు తుడుచుకుని లోపలికి పోయి, అటక మీది నుంచి తన స్కీ బూట్లు దించి నా చేతికిచ్చింది. "రేపు పొద్దున ఎతెల్కాకి చూపించు. నా బూటు పొడవు కొలుచుకోమను."